బాపు సంతకం

పోయిన వారం మా పైవాటాలో అద్దెకుండే అమ్మాయిని వెంటబెట్టుకుని కరీంనగర్ మీసేవ కేంద్రానికి వెళ్ళాను. ఆ పిల్లకు ఇంజనీరింగ్ సీటు వచ్చింది. ఫీజు ప్రభుత్వమే కట్టాలంటే ఆదాయం సర్టిఫికెట్ ఉండాలి, తండ్రి సంతకం ఉండాలి. తండ్రి ఆటో ఫైనాన్స్ ఆఫీసులో పని చేస్తాడు. ఫోను చేయగానే మోటారు సైకిలు మీద వచ్చి, ఇంజను ఆపకుండానే కాగితం పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకుని, ఒక చెవికి ఫోను ఆనించుకునే గీకినట్టుగా సంతకం చేసి, కూతురి వైపు చూడనైనా చూడకుండా వెళ్ళిపోయాడు. ఆ పిల్లకు అందులో వింతేమీ కనిపించలేదు, కనిపించాల్సిన పనీ లేదు. నేను మాత్రం అక్కడి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుండిపోయాను. ఏమైందమ్మా, నీళ్ళు తెమ్మంటారా అని కౌంటరు దగ్గరి కుర్రవాడు అడిగే దాకా నాకు తెలియనే లేదు, కళ్ళు తడిశాయని.

నా ఈడు వాళ్ళకు, ముఖ్యంగా మా చొప్పదండి చుట్టుపక్కల నేత ఇళ్ళలో పుట్టిన వాళ్ళకు, భీవండి అంటే ఏమిటో వేరే చెప్పక్కరలేదు. మగ్గం మీద బతుకు వెళ్ళని రోజుల్లో మా వాడలో ఇంటికొక మగమనిషి బొంబాయి పక్కనున్న ఆ మరమగ్గాల ఊరికి పోయినవాడే. బాపు, అంటే మా నాన్న, అక్కడికి పోయిననాటికి నేను ఆరో తరగతిలో ఉన్నాను. ఆయన పోయాక ముందుగదిలోని గుంటమగ్గం కొన్నాళ్ళు అట్లాగే ఉండి, తర్వాత వంటచెరకు పెట్టుకునే చోటుగా మారింది. అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చుట్టేది. నా పుస్తకాలన్నిటికీ తునికాకు వాసన ఉండేది, కాలేజీలో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఆ వాసన ఏమిటని అడిగితే నాకు నిజంగా అర్థం కాలేదు, పుస్తకాలంటే అట్లాగే వాసన వస్తాయనుకునేదాన్ని.

బాపు దసరాకు వచ్చేవాడు, బతుకమ్మకు నాకు గౌను గుడ్డో, పెద్దయ్యాక ఓణీ గుడ్డో తెచ్చేవాడు, పోయేలోపల నా స్కాలర్‌షిప్ దరఖాస్తు మీద సంతకం చేసేవాడు. చదువు రాని మనిషికి సంతకం నేర్పింది నేనే, నా పలక మీద. ఆ మూడు ముక్కలు రాయడానికి ఆయన మోకాలు మడిచి, శ్వాస బిగబట్టి, సూదిలోకి దారం ఎక్కించేటంత శ్రద్ధ పెట్టేవాడు. నేను కరీంనగర్‌లో డిగ్రీ ఆఖరి ఏడాదికి వచ్చేసరికి ఆయన దసరాకు రాలేదు. మనీయార్డర్లు ఆగిపోయాయి. ఉత్తరం వేస్తే జవాబు లేదు. భీవండి నుంచి వచ్చినవాళ్ళను అడిగితే ఒకరు కనిపించాడన్నారు, ఒకరు ఆ కార్ఖానాలో లేడన్నారు, ఒకరేమో మొహం పక్కకు తిప్పుకుని ఆ ఊళ్ళో ఎవరికి ఎవరు వదినా అన్నారు. ఆ మాటకు మా వాడలో అందరూ ఒకే అర్థం చెప్పుకున్నారు, ఆయన అక్కడ ఇంకో సంసారం పెట్టుకున్నాడని. అవ్వ ఆ మాట విని కూడా విననట్టు ఆకు కత్తిరించుకుంటూ ఉండేది.

అట్లా రెండో ఏడు నడుస్తుండగా నాకు వరంగల్‌లో యూనివర్సిటీ సీటు వచ్చింది, ఎమ్మెస్సీలో. స్కాలర్‌షిప్ లేకుండా హాస్టలులో అడుగు పెట్టే స్తోమతు మాకు లేదు. కాగితాలు పట్టుకుని నేనూ అవ్వా తాలూకా ఆఫీసుకు పోయాము. అక్కడి గుమాస్తా చెడ్డవాడు కాదు, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు కూడా. కానీ దరఖాస్తులో తండ్రి సంతకం చోటు ఖాళీగా ఉంది, తండ్రి ఆదాయం చోటు ఖాళీగా ఉంది. ఆయన కళ్ళజోడు తీసి అవ్వను అడిగాడు.

“మీ ఆయన ఉన్నడా, లేడా? ఉంటె సంతకం తేవాలె, జీతం కాయిదం తేవాలె. లేకుంటె సచ్చిపోయినట్టు సర్టిఫికెట్ తేవాలె. మధ్యల ఇంకోటి లేదమ్మా.”

ఇంటికి వచ్చాక పెద్దబాపు, అంటే మా బాపు అన్న, విషయం విని సులువైన దారి చెప్పాడు. మనసులో చెడు లేకుండానే చెప్పాడు, నా చదువు ఆగకూడదనే చెప్పాడు. “రెండేండ్లాయె, వాడు ఉన్నడో లేడో ఎవలకెర్క. లేడని రాపిచ్చుకుంటె అయిపాయె. ఊరోళ్ళు గూడ సాక్ష్యం జెప్తరు. పోరి సదువు నిలవడ్తది.”

అవ్వ చేతిలోని చాట కింద పెట్టింది. పెద్దవాళ్ళ ముందు ఆమె గొంతెత్తగా నేను అంతకుముందు వినలేదు.

“మీరు పెద్దోళ్ళు, ఆ మాట మల్ల అనకుండ్రి. సంతకం కోసం మనిషిని సంపుతమా? ఉన్నడో లేడో నేనే పోయి సూసొస్త.”

అప్పటికి అవ్వ కరీంనగర్ దాటి ఎరగదు. నేనూ అంతే. నిర్మల్ మీదుగా భైంసా పోయి, అక్కడ నాందేడ్ బస్సు కోసం చాలాసేపు కూర్చున్నాము. దారి పొడుగునా దూది బేళ్ళు ఎత్తిన లారీలే. ఆ దూదిని చూసి అవ్వ, గిదంత ఆడికే పోతదేమొ బిడ్డా, అంది. బస్టాండు పక్కన హోటలు నడిపే సాయిబు మమ్మల్ని మగవాళ్ళ మధ్య కూర్చోనివ్వక లోపల తన భార్య దగ్గర కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. ఎక్కడికని ఆ తల్లి అడిగితే అవ్వ భీవండికి అని ఊరుకుంది. ఆమె మళ్ళీ ఏమీ అడగలేదు, జర పైలంగ పోండ్రమ్మా అని మాత్రం అంది. ఎంతమంది ఆడవాళ్ళు అట్లా ఆ దారిన వెతుక్కుంటూ పోయేవాళ్ళో ఆమెకు తెలుసునేమోనని ఇప్పుడు అనిపిస్తుంది. నాందేడ్ నుంచి రైలెక్కి, మధ్యలో మారి, కల్యాణ్‌లో దిగి, మళ్ళీ బస్సు పట్టుకుని చేరాము.

ఊరికి ఊరే అదురుతున్నట్టుంది భీవండి. మా ఇంటి గుంటమగ్గం చప్పుడుకు నేను నిద్రపోయి పెరిగినదాన్ని, అది మనిషి నడకలాంటి చప్పుడు. ఇక్కడి మరమగ్గాల మోతలో పక్క మనిషి మాట వినపడదు, కాలి కింద నేల వణుకుతూ ఉంటుంది. తెలుగువాళ్ళ వాడలో మా వైపు ఆమె ఒకతె మెస్సు నడుపుతుంటే అక్కడ అడిగాము. బాపు పేరు చెప్పగానే తింటున్న వాళ్ళలో ఒకరిద్దరు తలలు వంచుకున్నారు. ఒకాయన మాత్రం చెయ్యి కడుక్కుని లేచి, రాండ్రి చెల్లె, నేను జూపిస్త, అని ముందు నడిచాడు.

ఒక కార్ఖానా వెనక రేకుల చావడిలో ఆడవాళ్ళు, ముసలివాళ్ళు కూర్చుని కండెలకు దారం చుడుతున్నారు. మా వైపు వీపు పెట్టుకుని కూర్చున్న మనిషిని భుజాలు చూసి నేను గుర్తుపట్టాను. బాపూ, అని పిలిచాను. తిరగలేదు. ఇంకా గట్టిగా పిలిచాను. పక్కనున్న ముసలమ్మ తిరిగింది గాని ఆయన తిరగలేదు. ఆ ఒక్క క్షణంలో, వాడ వాళ్ళు అన్నదంతా నిజమేనని, మమ్మల్ని చూడడం ఆయనకు ఇష్టం లేదని నమ్మాను. మమ్మల్ని తీసుకొచ్చినాయన ముందుకు పోయి భుజం తట్టాడు. అప్పుడు తిరిగి చూశాడు బాపు. నన్ను కాదు, ముందు అవ్వను చూశాడు. చేతిలోని కండె జారి దారం విప్పుకుంటూ దొర్లిపోయింది. ఆయన జుట్టంతా, కనుబొమలంతా తెల్లగా దూది నుసి. అవ్వ ఆయన దగ్గరికి పోయి కొంగుతో ఆ నుసి తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన కొద్దీ కొంత పోయింది, కొంత పోలేదు. పోనిది నెరిసిన జుట్టని అర్థమయ్యాక ఆమె చెయ్యి ఆగిపోయింది.

మగ్గాల మోతకు బాపు చెవులు పోయాయి. నుసికి రొమ్ము పట్టేసి దగ్గు అంటుకుంది. మగ్గం మీద నిలబడలేడని దింపేసి కండెల దగ్గర కూర్చోబెట్టారు. ఆ కూలి ఆయన తిండికే సరిపోదు. వేరే సంసారం లేదు, ఏమీ లేదు. పదిమందితో కలిసి ఉండే ఖోలీలో, ఆ ఇరుకు గదిలో, ఒక మూల చాప, అంతే.

“ఏమని రాపియ్యాలె బిడ్డా,” అన్నాడు నాతో, తనకే వినపడని గొంతుతో చాలా మెల్లగా. “పైసలు పంపనోడు ఉత్తరం ఏ మొకంతోని రాపిస్తడు? నన్ను సచ్చిండనుకుంటె మీకే నిమ్మలముంటదనుకున్న.”

దరఖాస్తు తీసి చూపించి ఎందుకు వచ్చామో నేను అరిచి అరిచి చెప్పాను. ఆయనకు ఎంత వినపడిందో తెలియదు. కానీ ఆ కాగితాన్ని ఆయన ఎరుగును. చేతులు లుంగీకి తుడుచుకుని, మోకాలు మడిచి, దగ్గు రాకుండా శ్వాస బిగబట్టి సంతకం చేశాడు. కార్ఖానా లెక్కలు చూసే మునీము జీతం కాగితం రాసిచ్చాడు. మేము వచ్చిన పని అయిపోయింది.

ఇంటికి పోదాం రమ్మని అవ్వ ఎంత బతిమాలినా బాపు రాలేదు. ఖాళీ చేతులతో మా వాడలో అడుగు పెట్టనన్నాడు. మరునాడు పొద్దున బస్సు దగ్గర, ఊరికి పోతున్న ఒక జగిత్యాల కుటుంబానికి నన్ను అప్పగించి అవ్వ అంది, “నువ్వు పో బిడ్డా. నేను ఈడ్నె ఉంట.”

నాకు కోపమే వచ్చింది. “నువ్వు లేకుంట నేనెట్ల పోవాలె? ఆ ఇంట్ల నాకెవలున్నరు?”

“సదువుకున్నదానివి. బోర్డులు సదువుకుంట పో,” అంది. ఆ మాట కటువుగానే అంది, కానీ నా జడ కొసను చేతిలో పట్టుకుని వదలడం మరిచిపోయింది. బస్సు కదులుతుంటే తానే వదిలింది.

గుమాస్తా ఆ సంతకం చూసి, దొరికిండా, అని మాత్రం అడిగి ముద్ర వేశాడు. చొప్పదండి ఇంటికి పెద్దబాపు తాళం వేశాడు. స్కాలర్‌షిప్ ఆలస్యంగానైనా వచ్చింది, నేను చదువుకున్నాను. సెలవులకు హాస్టలు పిల్లలందరూ ఇళ్ళకు పోతుంటే నేను భీవండికి పోయేదాన్ని. అవ్వ ఆ మెస్సులోనే వంటకు కుదిరి, బాపుకు ఇంత వేడి అన్నం పెట్టుకునేది. రెండో ఏడాది దరఖాస్తు తీసుకుపోయినప్పుడు బాపు చెయ్యి వణుకుతోంది. కలం నిలవలేదు, గీత పక్కకు పోయింది. వేలిముద్ర వేస్తే చాలు బాపూ అని సైగ చేశాను. ఆయన నా మొహం చూసి, నాకు సంతకం వస్తదిగద బిడ్డా, అన్నాడు. ఆ మాట అన్న తీరు ఇన్నేళ్ళయినా నన్ను వదలలేదు. చివరికి బొటనవేలి ముద్రే వేశాడు, వేసి ఆ సిరా మరకను చాలాసేపు చొక్కాకు రుద్దుకున్నాడు. ఆ చలికాలంలో నేను ప్రాక్టికల్స్‌లో ఉండగా బాపు పోయాడని తంతి వచ్చింది. నేను చేరేసరికి అక్కడి తెలుగు వాడవాళ్ళే చందాలు వేసుకుని అంతా కానిచ్చేశారు. చివరిచూపు దక్కలేదు.

బోథ్‌లో జూనియర్ కాలేజీలో ఉద్యోగం వచ్చాక అవ్వను తెచ్చుకున్నాను. అప్పటికి ఆమె మారిపోయింది. వినపడని మనిషితో ఉండి ఉండి ఆమెకు గట్టిగా అరిచి మాట్లాడడం అలవాటైపోయింది. అన్నం తిన్నవా బిడ్డా అన్నా తగాదాలాగే ఉండేది. మొదటి వారంలోనే పక్కింటి సాయిబుగారి భార్య పరుగున వచ్చింది, ఏమైందమ్మా, ఏం పరేషాని అంటూ. అవ్వ నవ్వింది, నవ్వి, ఆ తర్వాత కొన్నాళ్ళు అసలు మాట్లాడడమే మానేసింది. మళ్ళీ నేనే బతిమాలాను, ఎట్లా వస్తే అట్లా మాట్లాడమని. పోయేదాకా ఆ గొంతుతోనే మాట్లాడింది.

ఇప్పుడు మా వాడలో మగ్గం చప్పుడు లేదు. స్కాలర్‌షిప్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగడమూ చాలావరకు తగ్గింది. ఆధార్ నెంబరు కొడితే తండ్రి పేరు, ఆదాయం అదే వస్తుందట, వచ్చే ఏడాదికి ఆ సంతకమూ అక్కరలేదంటున్నారు. మంచిదే, ఎవరి తల్లీ ఆ గుమాస్తా ముందు అట్లా నిలబడకూడదు. నా కాలంలోనే ఆ వీలు ఉండి ఉంటే, మేము ఆ బస్సు ఎక్కేవాళ్ళమే కాదు. అవ్వ చొప్పదండి ఇంట్లో నా దగ్గరే ఉండేది, నేను సెలవులకు నా ఇంటికే పోయేదాన్ని. బాపు మాత్రం ఆ రేకుల చావడిలో, ఎవరు పిలిచినా వినపడక, ఎవరూ పిలవకనే పోయేవాడు. జరిగినదా, ఇదా, ఈ రెండింటిలో ఏది కావాలని నన్ను అడిగితే, ఈ వయసులో కూడా చప్పున జవాబు చెప్పలేను.