మండే దొర ముత్తాత

మహబూబ్‌నగర్ స్టేషన్ బజారులో మండే దొరతో ఏ ముచ్చట మొదలుపెట్టినా అది ఆయన ముత్తాత దగ్గరికి పోయి ఆగేది. వంకాయలు పుచ్చులున్నాయంటే, "మా ముత్తాత ఓడల ఆర్నెల్లు కూరగాయ మొఖమే చూడలే" అనేవాడు. వాన పడేటట్టుందంటే, "వాన సంగతి సముద్రం మీద తిరిగిన మా ముత్తాతను అడగాలె" అనేవాడు. ఒకసారి హోటల్లో ఎవరికో చాయ్ గొంతుకు అడ్డం పడితే వీపు మీద చరుస్తూ, "మా ముత్తాతకు గూడ ఒకసారి గిట్లనే..." అని ఎత్తుకున్నాడు. పాపం ఆ మనిషి దగ్గు సగంలో ఆపుకొని లేచి వెళ్లిపోయాడు.

ఈ ముచ్చట్లన్నీ అందరికంటే ఎక్కువ విన్నవాడు పోస్ట్‌మన్ దశరథం. వినకపోతే అతని డ్యూటీ ముందుకు సాగేది కాదు. ఎందుకంటే ఆ బజారులో ఇంగ్లండు నుంచి ఉత్తరాలు వచ్చేది ఒక్క మండే దొరకే. వచ్చిన ఉత్తరాన్ని దొర ఒంటరిగా చదవడు. పక్కన ఎవరో ఒకరు కూచోవాలి, కూచుని ఆశ్చర్యపోవాలి. దశరథం సైకిల్ స్టాండు వేసి ఆశ్చర్యపోయేవాడు.

దొర అసలు పేరు రాబర్ట్ మండే. నిజాం రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఆయన ముత్తాత ఎప్పుడో ఇంగ్లండు నుంచి ఓడలో మద్రాసుకు వచ్చి, అక్కడినుంచి సికింద్రాబాద్ చేరాడు. ఆ తర్వాత తరతరాల ఎండకు తెల్లరంగు బాగా కాగిపోయి, దొర రైలు పట్టాలు మార్చే మన పాయింట్స్‌మన్ చెన్నయ్య పక్కన నిలబడితే ఎవరు దొరో చెప్పడం కష్టమయ్యేది. లుంగీ మీద రైల్వే కోటు వేసుకునేవాడు. జొన్నరొట్టె, పుంటికూర తినేవాడు. భార్య పోయాక ఆయనకు తోడున్నది విక్టోరియా అనే మేక.

కొత్తవాళ్లు 'మండే దొర' అనే పేరు విని మహా కోపిష్టి అనుకొని జడిసేవారు. నిజానికి ఆ మనిషికి కోపమే తెలియదు. ఎండాకాలంలో ఎదురైతే కూరగాయల సుక్కమ్మ, "పైన మండేటోడు ఒక్కడు చాలడా, మల్ల నువ్వొకనివెందుకు దొరా?" అనేది. దొర అందరికంటే ముందు నవ్వేవాడు.

ఏడో తరగతి దాకా ఇంగ్లీషు చదువుకున్న దశరథానికి మాత్రం ఒక అనుమానం ఉండేది.

"దొరా, మండే అంటే ఇంగ్లీషుల సోమవారం గదా?"

"స్పెల్లింగు ఒక్కటే దశరథం, ఖాన్‌దాన్ వేరే. సముద్రం ఒడ్డున మాండే కోట అని ఉండె. మా ముత్తాత గా కోటల పుట్టిండు. ఓడకు కప్తాను అయిండు. మా అవ్వ చెప్పింది."

అవ్వ చెప్పిన మాటకు కాగితం సంపాదించాలని దొర పట్టుదల. ఓడల ఆఫీసుకు రాశాడు, జనాభా లెక్కల ఆఫీసుకు రాశాడు, ఇంగ్లండు సముద్రతీరంలో ఉన్న చర్చిల పాదిరీలందరికీ వరసబెట్టి రాశాడు. పించను వచ్చిన రోజు కిరాయి కట్టడం మరిచిపోయేవాడు గానీ స్టాంపులు కొనడం మరిచేవాడు కాదు.

మొదట జవాబిచ్చింది ఓడల ఆఫీసు. ప్లాట్‌ఫారం బల్ల మీద కూచుని, కళ్లద్దాలు తుడుచుకొని దొర చదివాడు. ఓడ పేరు దొరికింది. ఆ ఓడలో పనిచేసిన వాళ్లలో జార్జ్ మండే పేరూ దొరికింది. దొర ఆగాడు.

"ఏం రాసిండ్రు దొరా? కప్తానేనా?"

"వంటాయన పక్కన ఉండెటోడు అని రాసిండ్రు."

"అంటే... ఆలుగడ్డలు ఒలిచెటోడా?"

దొర కళ్లద్దాలు తీసి దశరథాన్ని జాలిగా చూశాడు. "నీకు సముద్రం సంగతి ఎరుకలేదు. ఓడ మీద కప్తానుకు ఎంతమంది దుష్మన్లు ఉంటరు? అన్నంల ఇంత విషం కలిపితే ఏమైతది? అందుకే నమ్మకమైన మనిషిని వంటింట్ల పెడతరు. ఓడ పాణమంత మా ముత్తాత చేతిల ఉండె!"

"మరి ఆలుగడ్డల పొట్టు?"

"పొట్టు తీస్తెనే గదా లోపలేమున్నదో తెలిసేది!"

పొద్దుగూకే సరికి ఈ సంగతి బజారంతా తెలిసిపోయింది. సుక్కమ్మ ఆలుగడ్డలు తూచి, "విషం లేదు, నాది గ్యారంటీ" అని చెప్పి మరీ అమ్మింది.

దొర మాత్రం హోటల్లో చెప్పకముందే ఈ వార్త చెన్నయ్య క్వార్టరుకు మోసుకుపోయాడు. చెన్నయ్య భార్య సత్తమ్మ, వాళ్ల బిడ్డ అండాలు. అండాలు వాళ్లు కన్న పిల్ల కాదు. పొద్దున వచ్చే ప్యాసింజరులో, మూడో తరగతి బల్ల మీద గుడ్డల్లో చుట్టి ఎవరో వదిలేసిన పసిపిల్లను ఆనాటి గార్డు మండే దొర ఎత్తుకొచ్చి, పిల్లల్లేని సత్తమ్మ ఒడిలో పెట్టాడు. స్టేషన్లో అందరికీ తెలుసు. కానీ ఎవరూ అనరు. ఆ మాట ఎత్తితే సత్తమ్మ చీపురు ఎత్తేది.

"మన ముత్తాత ఈసారి ఏమైండు తాతా?" అని అండాలు వాకిట్లోనే అడిగింది.

"వంటింటికి సర్దార్ అయిండు బిడ్డా!"

"అబ్బో!" అని అండాలు ఎగిరి గంతేసింది. దొరకు ఆ రోజుకు అది చాలు.

తర్వాత జనాభా లెక్కల ఆఫీసు జవాబిచ్చింది. ముత్తాత ఓడ బయలుదేరిన ఊర్లోనూ చుట్టుపక్కలా ఆనాటి లెక్కల్లో మండే అనే ఇంటిపేరుగల మనిషి ఒక్కడూ లేడట. దశరథానికి ఈసారి ముందే భయమేసింది. దొరకు వెయ్యలేదు.

"చూసినవా? పెద్దింటోళ్ల లక్షణం! లెక్కలు రాసెటోడు వాకిట్లకొస్తే పెద్దింటోళ్లు కండ్లబడతరా?"

ఈ మాట మంచి వేగం మీద ఉండగా, పక్కనే నిలబడ్డ విక్టోరియా ఆ ఉత్తరాన్ని నోట కరుచుకొని గూడ్సు షెడ్డు వైపు పరుగెత్తింది. వెనకాల దొర, దొర వెనకాల దశరథం, వాళ్ల వెనకాల అండాలు. పట్టుకునేసరికి రాణిగారి ముద్ర ఉన్న మూల ఒక్కటే మిగిలింది. మిగిలిన జనాభా అంతా మేక కడుపులోకి పోయింది.

సత్తమ్మ నడుం మీద చేతులు పెట్టుకొని చూసింది. "గా కాయితంల మీ ఇంటోడు ఒక్కడు గూడ లేడన్నవు గద దొరా! లేనోళ్ల కోసం గింత ఉరుకుడేంది?"

ఏళ్లు గడిచాయి. ఉత్తరాలు పోతూనే ఉన్నాయి. దొర జుట్టు సున్నం కొట్టినట్టయింది. అండాలు పెద్దదయింది. జడ్చర్ల నుంచి సంబంధం వచ్చింది. పిల్లగాడు పర్వతాలు రైలు పట్టాల మీద గ్యాంగు పని చేస్తాడు, నెమ్మదస్తుడు. వాడు ఒప్పుకున్నాడు. వాళ్లమ్మ బిక్షమ్మ ఆదివారం పెద్దమనుషులతో వచ్చి ఖాయం చేసుకుపోవడమే మిగిలింది.

సరిగ్గా ఆ వారంలోనే ప్లిమత్ దగ్గరి ఒక చిన్న చర్చి నుంచి ఉత్తరం వచ్చింది. దశరథం అలవాటుగా సైకిల్ స్టాండు వేశాడు. దొర చదివాడు. మళ్లీ చదివాడు. మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు.

"ఏం రాసిండ్రు దొరా?"

"ఏం లేదు. నువ్వు పో, నీకు లేటయితది."

దొర నోటినుంచి అలాంటి మాట దశరథం ఎన్నడూ వినలేదు. మర్నాడు దొర హోటల్‌కు రాలేదు. ఆ మర్నాడు సుక్కమ్మ ఆలుగడ్డలు తూస్తూ, "విషం లేదు" అని కావాలనే గుచ్చింది. దొర సంచీ పట్టుకొని మాట్లాడకుండా వెళ్లిపోయాడు. సుక్కమ్మ తక్కెడ వదిలేసి రోడ్డు మీదికి వచ్చి దశరథం సైకిల్‌ను ఆపింది.

"దశరథం, దొరకు పాణం బాగలేదు. ముత్తాత ముచ్చటే తియ్యలే. జర దవాఖానకు తీస్కపో!"

దశరథం వెళ్లేసరికి దొర మంచం మీద కూచుని గోడను చూస్తున్నాడు. ఉత్తరం తీసి ఇచ్చాడు. దశరథం కూడబలుక్కొని చదివాడు. చర్చి వాకిట్లో సోమవారం పొద్దున మగశిశువు దొరికాడు, తల్లి తండ్రి ఎవరో తెలియదు, జార్జ్ మండే అని పేరు పెట్టడమైనది.

"నువ్వు చెప్పిందే నిజం దశరథం. మండే అంటే సోమవారమే. కోట లేదు, ఏం లేదు. ఏ రోజు దొరికిండో గా రోజు పేరు పెట్టిండ్రు."

"దొరికితే దొరికిండు. దానికెందుకు గింత ఫికర్ దొరా? ఎప్పటిదో కాలం."

"నాకేం ఫికర్ లేదు. నేను వెతికింది నా కోసమా?" దొర గొంతు తగ్గింది. "అండాలు చిన్నగున్నప్పుడు ఒకనాడు బడి నుంచి ఏడ్చుకుంట వచ్చింది. 'నేనెవరి పిల్లను తాతా? రైల్ల నువ్వే గద చూసినవు' అని అడిగింది. నేనేం చెప్పాలె? అంతకుముందే గా లైన్ల ఉన్న ప్రతి స్టేషన్ల దిగి అడిగిన. ఎవ్వలు చెప్పలే. గందుకే అన్న: 'బిడ్డా, మీవోళ్లు నాకు దొరకలే. నా తాతలను వెతుకుత, ఎంతమంది దొరికితే అంతమంది నీకు గూడ తాతలే' అని. గప్పటి సంది రాస్తున్న. పిల్లకు ఇచ్చే తాత జర మంచోడు ఉండాలె గదా అని కప్తానును చేసిన, సర్దార్‌ను చేసిన. ఇప్పుడు పెండ్లి ముంగట గీ అనాథను తీస్కపోయి ఏ మొఖం పెట్టుకొని ఇయ్యాలె?"

ఇన్నేళ్లుగా సైకిల్ మీద తాను ఎవరి కోసం ఉత్తరాలు మోశాడో దశరథానికి అప్పుడు తెలిసింది. లేచి, కోటు దులిపి దొర చేతికిచ్చాడు. "ఐతారం నాడు నువ్వు రాకుంటే అండాలు లోపలినుంచి బయటికే రాదు. తోల్కపోతందుకు నేనొస్త, తయారుగుండు" అన్నాడు.

ఆదివారం చెన్నయ్య వాకిట్లో చాపలు పరిచారు. కొడుకునూ పెద్దమనుషులనూ వెంటబెట్టుకొని వచ్చిన బిక్షమ్మ గట్టి మనిషి. బెల్లం చాయ్ తాగింది, ఇల్లు చూసింది, పిల్లను చూసింది. చూసి సత్తమ్మ వైపు తిరిగింది.

"పిల్ల బంగారమే చెల్లె. నాకేం వంక లేదు. కానీ రేపు మా దిక్కు అడుగుతరు, ఎవరి పిల్ల, ఏ ఇంటిది అని. నేనేం చెప్పాలె?"

చెన్నయ్య తల వంచుకున్నాడు. సత్తమ్మ చీపురు ఎత్తలేదు. చీపురుతో తోలగలిగిన మాట కాదది. తలుపు చాటున గాజుల చప్పుడు ఆగిపోయింది.

మూలన కూచున్న దొర కోటు సర్దుకొని లేచాడు. "నేను చెప్త అమ్మా. మా ముత్తాత..." అన్నాడు.

దశరథం కళ్లు మూసుకున్నాడు.

"మా ముత్తాత కప్తాను గాదు. ఓడల ఆలుగడ్డలు ఒలిచిండు. చర్చి వాకిట్ల ఎవలో పడేసిపోతే సోమవారం నాడు దొరికిండు. తల్లి ఎవలో తెల్వదు, తండ్రి ఎవలో తెల్వదు. మా ఇంటిపేరే సోమవారం. గా అనాథ పిల్లగాని వంశం నేను. నేను దొరనని మీరందరు లేసి నిలబడ్డరు ఇందాక."

తలుపు తోసుకొని అండాలు బయటికి వచ్చింది. కళ్లల్లో నీళ్లున్నాయి గానీ నోరంతా నవ్వే.

"తాతా! అంటే మన ముత్తాత గూడ నా లెక్కనేనా?"

"అచ్చం నీ లెక్కనే బిడ్డా."

"ఆయన చర్చి వాకిట్ల, నేను మూడో తరగతి డబ్బల! నాకు నయం, నా నెత్తి మీద పైకప్పన్న ఉండె!"

పర్వతాలు ముందుగా నవ్వాడు. తర్వాత చెన్నయ్య. సత్తమ్మ కొంగుతో మొఖం తుడుచుకుంటూ నవ్వింది. కప్తాను అని చెప్పినప్పుడు కూడా అండాలు ముఖంలో ఇంత వెలుగు చూడలేదు దొర.

బిక్షమ్మ మాత్రం నవ్వలేదు. ఇంకో ప్రశ్న మిగిలింది ఆమెకు.

"ఏ దొరా, గా తల్లి తండ్రి లేనోనికి పిల్లనెవలిచ్చిండ్రు?"

దొర ఒకసారి కోటు జేబు తడుముకున్నాడు. "సికింద్రాబాద్ల ఎడ్లబండ్లు నడిపే ఒక పెద్దమనిషి ఇచ్చిండు. ఊరోళ్లంత ఎవరి కొడుకు వాడు అని అడిగిండ్రంట. గా పెద్దాయన మాత్రం, 'వాడు ఎవరి కొడుకైతేంది, రేపటి సంది నా అల్లుడు' అన్నడంట."

బిక్షమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకొని కాసేపు ఆలోచించింది. "బండ్లాయనకున్న గుండె నాకు లేదా?" అంది. "ఇంద పిల్లా, ఇట్లొచ్చి కూసో. సర్వపిండి గట్టిగ కాలుస్తవా, మెత్తగనా? మా వానికి గట్టిగుండాలె."

చాయ్ మళ్లీ పెట్టారు. ఈసారి సుక్కమ్మ కూడా దూరిపోయి రెండు గ్లాసులు తాగింది. పొద్దువాలుతుండగా దశరథం సైకిల్ నడిపించుకుంటూ, దొర పక్కన పట్టాల వెంట ఇంటిదారి పట్టాడు. దొర ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

"దొరా, ఒక మాట అడుగుత. గా ఎడ్లబండ్ల పెద్దమనిషి సంగతి ఏ ఉత్తరంల వచ్చింది? నేనైతే తేలే."

దొర కూనిరాగం ఆపి, సిగ్గుపడ్డ పిల్లవాడిలా అటూ ఇటూ చూశాడు.

"సికింద్రాబాద్ చర్చికి రేపు రాయాలె దశరథం. పొద్దుగాల్ల వచ్చినప్పుడు జర రెండు స్టాంపులు పట్టుకరా."