ముసునూరు మామిడితోటలో ఒక ఈసీజీ

పిల్లల గుండె లయ తప్పితే సరిచేయడం నా వృత్తి. మామూలుగా పిల్లలే విజయవాడలో నా దగ్గరికి వస్తారు. ఈ మే నెలలో నేనే వెళ్లవలసి వచ్చింది. ముసునూరు దగ్గర మామిడితోటకు కాపలా ఉండే దంపతుల పెద్దమ్మాయి నిరుడు వేసవిలో ఉన్నట్టుండి పడిపోయి చనిపోయిందనీ, చెల్లెలు పావని వారం క్రితం అలాగే పడి లేచిందనీ అక్కడి ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. కోతల రోజుల్లో తోట వదిలి రాలేమన్నారట.

ఆరింటి బస్సు ఏడున్నరకు నూజివీడులో దింపింది. అక్కడి నుంచి తోటకు ఆటో మూడు వందలు. ఎక్కడికో చెప్పగానే డ్రైవరు మెల్లగా అన్నాడు: “ఆ పెద్దపిల్ల నాకు తెలుసండీ. ‘బాబాయ్, హారన్ కొట్టమాక, గుండె జల్లుమంటంది’ అనేది. నవ్వొచ్చి ఇంకోసారి కొట్టేవాణ్ణి.”

పాకలో తల్లి నాగమణి జరిగింది చెప్పింది. “కోతుల్ని తోలడానికి టపాకాయ పేల్చామండీ. పెద్దది పడిపోయింది. ఎప్పుడు పడినా తాళాలు చేతిలో పెడితే లేచేదండీ. ఆ రోజూ పెట్టాం.” మూర్ఛ అనుకుని చేతిలో ఇనుము పెట్టడం ఇక్కడి అలవాటు. అంతకుముందు ప్రతిసారీ ఆ గుండె తనంతట తానే లయలోకి వచ్చింది. పేరు తాళాలకు దక్కింది.

పావనిని మంచం మీద పడుకోబెట్టి ఈసీజీ వైర్లు అంటిస్తుంటే “కితకితలండీ!” అని మెలికలు తిరిగింది. తల్లి అలవాటుగా ఆమె గుప్పిట్లో తాళాలు పెట్టబోయింది. “వద్దమ్మా, పిడికిలి బిగిస్తే గీత వణుకుతుంది” అన్నాను. గీత స్పష్టంగా వచ్చింది. ఒకసారి కొట్టుకున్నాక గుండె మళ్లీ సిద్ధమయ్యే వ్యవధి ఉండవలసిన దానికన్నా చాలా ఎక్కువ. పుట్టుకతో వచ్చే ఈ లోపం అక్కకూ ఉండి ఉంటుంది. ఇలాంటి గుండెకు హఠాత్తు శబ్దం కూడా ప్రమాదమనీ, ఇకపై రోజూ మాత్ర వేసుకోవడం తప్పకూడదనీ వివరించాను.

“పెద్దదాన్ని ముందే తెస్తే బతికేదాండీ?”

“బతికే అవకాశం ఎక్కువే ఉండేదమ్మా.”

ఆమె చేతిలోని తాళాలనే చూస్తూ అడిగింది: “దీన్నెప్పుడు తెమ్మంటారు?”

“ఇవాళే, నాతో.”

“మరి కోతులో?” అన్నాడు గుమ్మంలో భర్త.

“తింటే తిననీ,” అని నాగమణి తాళాలు అతని చేతిలో పెట్టింది.

పావని ఉండగా హారన్ కొట్టవద్దని, బయట ఆగి ఉన్న ఆటో డ్రైవరుకు చెప్పాను. ఎందుకని అడగలేదు. మామిడి ట్రాక్టర్ల వెనకే, నూజివీడు దాకా నిశ్శబ్దంగా నడిపాడు. మధ్యలో ఒకసారి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

ఆ ఈసీజీ యంత్రం నా చేతిసంచిలో పట్టింది. పరీక్షకు పది నిమిషాలు కూడా పట్టలేదు. అంత తేలికైనదాన్ని ఆ తోటదాకా మోసుకెళ్లడానికి నాకు ఒక పిల్ల చావు కావలసి వచ్చింది. మీ ఇంట్లో ఎవరైనా పిల్లలు శబ్దానికో, పరుగులోనో, ఏడుపులోనో స్పృహ తప్పితే ఈసీజీకి తీసుకురండి. వచ్చేటప్పుడు తోబుట్టువులందరినీ వెంట తెచ్చుకోండి.