పక్కింటి పాల ప్యాకెట్

మా సిస్టరమ్మ పోయింది. మొన్న ఆదివారం పొద్దున్నే పాల ప్యాకెట్ ఇవ్వడానికి వెళ్ళిన పక్కింటి అవ్వ, ఎంత పిలిచినా పలకకపోతే తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసింది. ఆ ఇంటి మేడ మీదే అద్దెకుంటున్న నన్ను కిందినుంచి కేకేసింది. "జల్ది రా బిడ్డా. సిస్టరమ్మ ఇగ లేదు." చర్చికి కట్టుకోవాల్సిన తెల్లచీర ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసి ఉంది. ఆవిడ తన ఇంట్లో, తన మంచం మీద, తన దుప్పటి కప్పుకుని పోయింది. ఇంతగా నొక్కి చెప్పడం ఎందుకంటే, అలా పోవడానికి ఆవిడ ఎంత పట్టుబట్టిందో మా వీధికి తెలుసు. మీకూ చెప్పాలి.

గుంటూరు నుంచి వచ్చి ఈ ఊరి ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. భర్త ఎప్పుడో పోయాడు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో మా వీధి మొత్తానికీ సిస్టరమ్మే. పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. ఎవరు ఎదురైనా ముందు మొహం చూసేది, ఆ తర్వాతే మాట. నేను ఆ ఇంట్లో దిగిన రోజు, వ్యాన్‌లోంచి సామాన్లు ఇంకా దించుతుండగానే "రక్తం తక్కువగా ఉన్నట్టుందమ్మా మీకు. గోంగూర తింటారా?" అని అడిగింది. నా పేరు ఆ తర్వాత అడిగింది.

రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం బాత్‌రూంలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. నేను పాఠాలు చెప్పే బడి నుంచి వచ్చేదాకా ఆ తడినేల మీదే పడి ఉంది. కబురు తెలిసి కొడుకు పరుగెత్తుకొచ్చాడు. లింగంపల్లిలో ఫ్లాటు, మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడలో కంప్యూటర్ ఉద్యోగం. మంచివాడే, కాకపోతే ఉత్త భయస్థుడు.

"ఇంక నువ్వొక్కదానివే ఉండటం కుదరదమ్మా. మా దగ్గరికి వచ్చెయ్. లేదంటే కొండాపూర్ అవతల మంచి వృద్ధాశ్రమం కట్టారు. డాక్టరు కూడా వస్తాడట."

ఇంకొకరైతే ఏడ్చేవారు, లేదా అలిగి కూర్చునేవారు. ఆవిడ మాత్రం "రెండూ చూసొస్తాను. చూడకుండా వద్దంటే అది మొండితనం" అంది.

చేతికి కట్టుతోనే కొడుకు ఫ్లాటుకి వెళ్ళింది. కొడుకూ కోడలూ పొద్దున పోతే చీకటిపడ్డాకే రావడం. కరెంటు పోతే లిఫ్టు ఆగిపోయేది. "బాగా చూసుకుంటారండి, చూసుకోడానికి వాళ్ళు ఇంట్లో ఉంటేగా!" అని నవ్వింది, నెల తర్వాత తిరిగొచ్చి. ఆ వెంటనే ఆశ్రమంలో కొన్నాళ్ళు ఉండి వచ్చింది. మాకు టీ ఇచ్చి మరీ రిపోర్టు చెప్పింది. దుప్పట్లు శుభ్రం, పప్పు పలచన, మందులు మాత్రం టైముకి.

"వంక పెట్టడానికేం లేదండి. కానీ పక్క మంచం ఆవిడకి దిండు సర్దబోతే, మీరు కూర్చోండమ్మా అంటుంది ఆయా. మంచినీళ్ళు తేబోతే, మీరు కూర్చోండమ్మా. ఎన్నాళ్ళని కూర్చుంటాను? నాతో ఎవరికీ పని లేని చోట నేను ఉండలేను."

"మళ్ళీ పడితే ఎవరు చూస్తారు?" అన్నాడు కొడుకు. "మళ్ళీ పడి, ఎవరికీ తెలియకుండా ఉండిపోతే నా సంచి నేనే సర్దుకుంటాను. నువ్వు చెప్పిన చోటికి వస్తాను. సరేనా?" అని ఆవిడ మాటిచ్చింది.

మర్నాడే మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టింది. నేను, అవ్వ, ఎదురింట్లో ఒంటరిగా ఉండే రిటైర్డ్ డ్రాయింగు మాస్టారు. అవ్వది మెదక్ వైపు. కొడుకు లారీ డ్రైవరు, ఎప్పుడూ రోడ్డు మీదే. "రేపట్నుంచి ఎవరి పాల ప్యాకెట్ వాళ్ళు తీసుకోకూడదు" అంది సిస్టరమ్మ. ఆవిడ ప్యాకెట్ అవ్వ తీయాలి. మాస్టారిది ఆవిడ, నాది మాస్టారు, అవ్వది నేను. గుమ్మంలో ఉన్నది తీసి, తలుపు కొట్టి, చేతికివ్వాలి. మా మెట్లు మాస్టారి మోకాళ్ళకీ బీపీకీ మంచివని కూడా ఆవిడే తేల్చేసింది.

"నేనింకా ముసలిదాన్ని కాలేదండీ" అన్నాను.

"వయసులో ఉన్నవాళ్ళు జారిపడరా ఏం?" అంది.

మాస్టారికి మొహమాటం జాస్తి. పొద్దున్నే ఆడవాళ్ళ తలుపు కొట్టడమేమిటని ఆయన బాధ. వారం తిరక్కుండానే నా ప్యాకెట్‌ని తలుపు గడియకి తగిలించి, చప్పుడు కాకుండా దిగిపోబోయారు. సిస్టరమ్మ మెట్ల కిందే పట్టుకుంది. "మాస్టారూ, మిమ్మల్ని పంపేది పాలకి కాదండి, మొహం చూడ్డానికి. మళ్ళీ ఎక్కండి." ఎక్కారు పాపం. అప్పట్నుంచీ తలుపు కొట్టి, గోడవైపు చూస్తూ "బాగున్నారా అమ్మా?" అనేవారు. గోడ బాగానే ఉందండీ అనేదాన్ని నేను.

పోయిన వానాకాలం ఆవిడ మాట పరీక్షకొచ్చింది. ప్యాకెట్ చేతికిస్తూ అవ్వ గుచ్చి గుచ్చి చూసింది. "ఏంది సిస్టరమ్మా, కండ్లు గిట్ల గుంజుకపోయినయి? ఒళ్ళు కాలుతున్నది. నడువ్, దవాఖానకు పోదాం." వద్దంటున్నా వినకుండా ఆటో ఎక్కించింది. న్యుమోనియా, మొదట్లోనే తెచ్చారు కాబట్టి సరిపోయిందన్నాడు డాక్టరు. కొడుకు వచ్చేసరికి అవ్వ మంచం పక్కనే ఉంది. "ఫికర్ చెయ్యకు కొడుకా, రోజూ చూస్తనే ఉన్నం" అంది. అతను ఆశ్రమం మాట మళ్ళీ ఎత్తలేదు. పూర్తిగా నమ్మాడనీ చెప్పలేను. వచ్చినప్పుడల్లా బాత్‌రూం నేల అరిచేత్తో తడిమి చూసేవాడు.

"నర్సునై ఉండి చెప్తున్నా, నర్సుకన్నా పొరుగింటావిడే ముందొస్తుంది" అనేది సిస్టరమ్మ. ఈ ఊళ్ళో ఎన్నో ఇళ్ళు మారాను. పొద్దున్నే నా మొహం చూసి నిద్రపట్టిందో లేదో చెప్పినవాళ్ళు ఇంకెక్కడా లేరు. ఆవిడ లేదంటే ఏడుపొస్తోంది. ఆవిడ గెలిచి వెళ్ళిందని తలుచుకుంటే గర్వంగానూ ఉంది.

గుంటూరు నుంచి చుట్టాలొచ్చాక, ఆదివారం చీకటిపడేలోపు సమాధి చేశాం. కొడుకు ఆ రాత్రి తల్లి ఇంట్లోనే ఉండిపోయాడు.

సోమవారం పొద్దున అవ్వకి ప్యాకెట్ ఇచ్చి వస్తూ ఎదురింటి వైపు చూశాను. మాస్టారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. కాళ్ళ దగ్గరే ఆయన పాల ప్యాకెట్ ఉంది. వంగి తీసుకోవచ్చు, కానీ తీసుకోలేదు. నేను అటు కదిలేలోపే సిస్టరమ్మ గేటు చప్పుడైంది. కొడుకు వీధి దాటి వెళ్ళి, ప్యాకెట్ తీసి మాస్టారి చేతిలో పెట్టాడు. ఆయన అలవాటుగా గోడవైపు చూశారు. అతను మాత్రం ఆయన మొహంలోకే చూశాడు.

"రాత్రి నిద్రపోయినట్టు లేరు. బీపీ మాత్ర వేసుకున్నారా మాస్టారూ?"

"అమ్మగారు వచ్చి అడిగాక వేసుకునేవాణ్ణి బాబూ."

అతను చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్ళాడు. కుండలో గ్లాసు ముంచిన చప్పుడు వినిపించింది. చల్లటి ప్యాకెట్‌ని రెండు చేతులతో పట్టుకుని, మాత్ర కోసం మాస్టారు అక్కడే నిలబడి ఉన్నారు.