పదిహేడో నంబరు ముఖం

హిల్ట్రూడ్ క్రౌజె ఆ మ్యూజియంలో పనికి చేరేనాటికి ఆమెకు ఇరవై అయిదేళ్ళు. జర్మనీలోని వేజర్ నది మీద వంతెన వచ్చి, బల్లకట్టు ఆగిపోయిన ఏడాది అది. వాళ్ళ ఇంట్లో నాలుగు తరాలు బల్లకట్టు నడిపినవాళ్ళే. "నీళ్ళ మీద బతుకు అయిపోయింది, ఇక దుమ్ము మీద బతుకుతాలే" అని నవ్వి చీపురు పట్టుకుంది. అన్నట్టే ఇరవై ఎనిమిదేళ్ళు దుమ్ము మీద బతికింది.

పై అంతస్తులో ముఖాల గది ఉండేది. వెనకటికి ఆ ఊరి పండితుడొకాయన ఓడెక్కి దేశాలు తిరిగి, కనిపించినవాళ్ళ మొహాల మీద తడి ప్లాస్టర్ మెత్తి అచ్చులు తీసి, పెట్టెల్లో సర్ది పంపించాడు. ఇక్కడివాళ్ళు ఆ అచ్చుల్లో ప్లాస్టర్ పోసి ముఖాలు తీసి, గోధుమ రంగు పూసి, అద్దాల బీరువాలో వరసగా నిలబెట్టారు. ఇరవై మూడు ముఖాలు. పేర్లు లేవు. ఒక్కోదాని కింద నంబరూ, ఒక చీటీ. అందరి కళ్ళూ మూసే ఉండేవి. తడి ప్లాస్టర్ మీద పడుతుంటే కళ్ళు మూసుకోనివాడెవడు? చీటీల్లో మాత్రం "బద్ధకస్తుడు" అనో, "మందబుద్ధి, చెప్పినట్టు వింటాడు" అనో రాసి ఉండేది.

పదిహేడో నంబరు చీటీ ఇంకాస్త పెద్దది. "దక్షిణ సముద్ర ద్వీపవాసి. కనుబొమల ఎముకలో క్రూరత్వం. దవడలో ఆటవికుల మొండితనం." బడిపిల్లలు వచ్చినప్పుడు హిల్ట్రూడ్ చీపురు గోడకానించి, ఆ ముఖం ముందే ఆగేది. "చూశారా వీణ్ణి? చీకట్లో ఎదురైతే మీకు ప్యాంట్లు తడిసిపోవూ?" అనేది. పిల్లలు కెవ్వుమనేవారు. ఆమెకు అదో సరదా.

టికెట్లు అమ్మే రోజ్విటా ఆమెను ఆటపట్టించేది. "ఏమే, ఈ పూటా నీ మొగుడికి దణ్ణం పెట్టుకొచ్చావా?"

"పెట్టానమ్మా. కళ్ళు తెరవడు, మాట్లాడడు. ఇంతకంటే మంచి మొగుడు ఎక్కడ దొరుకుతాడు?"

అద్దం మీది దుమ్ము తుడవడం వరకే ఆమె పని. బీరువా తాళం ఏనాడూ తియ్యలేదు.

ఆ ఏడు ఎండాకాలం చివర గదికి కొత్త రంగులు వేసి, ఆదివారం మళ్ళీ తెరవాలనుకున్నారు. అంతకుముందు సోమవారం, మ్యూజియానికి సెలవు రోజు. అధికారి ఫోల్క్‌మార్ గారు తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, "మెత్తటి కుంచెతో ఒక్కో ముఖాన్నీ తుడవండి. జాగ్రత్త, ముక్కులు విరుగుతాయి" అన్నారు.

పదహారు ముఖాలు తుడిచింది. పదిహేడోదాన్ని ఒళ్ళో పెట్టుకుంది. ఎడమ చేత్తో గడ్డం పట్టుకుని, కుడి చేత్తో చెంప మీద కుంచె ఆడిస్తోంది. కుడి చెవి కిందికి వచ్చేసరికి కుంచె దానంతటదే పక్కకు తిరిగింది.

తను తిప్పలేదు. చెయ్యి తిప్పుకుంది.

అక్కడ దవడ ఎముక మీద వేలిముద్రంత సొట్ట ఉంది. అక్కడ కత్తి నేరుగా వెళ్తే తెగుతుందని ఆ చేతికి తెలుసు. చూపు పోయి మంచాన పడ్డ తాత హినర్క్‌కు నాలుగేళ్ళపాటు గడ్డం గీసిన చెయ్యి అది. తాతకు ఇరవయ్యేళ్ళ వయసులో బల్లకట్టు గొలుసు తెగి తగిలిన దెబ్బ ఆ సొట్ట. కళ్ళు మూసుకుని, గడ్డం పైకెత్తి, ఇలాగే ఒళ్ళో తల పెట్టేవాడు.

హిల్ట్రూడ్‌ ముఖాన్ని కింద పెట్టబోయింది, పెట్టలేకపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా పొద్దున్నే చూస్తున్న ముఖం. తాత!

అప్పుడు గుర్తొచ్చింది తాత మాట. ముసలితనంలో ఊరికే అనేవాడు: "నా మొహం ఓడెక్కి పోయిందే తల్లీ, నేను రేవులోనే ఉండిపోయా. ఆ గడ్డపాయన ఓడెక్కే ముందు చెయ్యి తిరగాలన్నాడు. ముక్కుల్లో రెండు గడ్డి గొట్టాలు పెట్టి, మొహమంతా మెత్తేశాడు. రెండు బీర్లు పోయించాడులే." మతి తప్పి మాట్లాడుతున్నాడనుకునేవారు ఇంట్లో. పండితుడు నేర్చుకోవడానికి తీసిన అచ్చు ఆ పెట్టెలోనే ఓడెక్కి, మిగతావాటితో తిరిగొచ్చింది. రంగు వేసేవాడికి ఏం తెలుసు? అన్నిటికీ వేసినట్టే దీనికీ వేశాడు.

ఆదివారంలోగా ఆ చీటీ కిందనుంచి తాతను తప్పించాలి. ఆమె అప్రాన్ కూడా విప్పకుండా కిందికి దిగింది.

ఫోల్క్‌మార్ గారు మొదట నవ్వారు. "క్రౌజె గారూ, రిజిస్టరులో స్పష్టంగా ఉందండీ, ద్వీపవాసి అని."

"మా తాత జన్మలో సముద్రం చూళ్ళేదండీ. పడవలో ఆవలి ఒడ్డుకెళ్తేనే పరదేశం అనేవాడు."

సొరుగుల్లో ఆ ముఖాలు పోత పోసిన అసలు మూసలు ఉన్నాయి. తెల్లటివి, లోపలికి గుంటపడ్డవి, నేరుగా చర్మానికి తగిలినవి. పదిహేడో మూస తీసి కిటికీ దగ్గర పట్టుకున్నారాయన. కనుబొమ ఉన్నచోట ప్లాస్టర్‌లో ఇరుక్కుని నాలుగు వెంట్రుకలు. ఎండుగడ్డి రంగువి, ఈ ఊరివాళ్ళ జుట్టులా.

ఆయన మూసను జాగ్రత్తగా సొరుగులో పెట్టారు. తరవాత పైకెళ్ళి ఆ ముఖాన్నే మళ్ళీ చూశారు.

"అవునండోయ్! ఈ కనుబొమలు చూడండి, ఎంత హుందాగా ఉన్నాయో. ఆ దవడ! ఏటికి ఎదురీదిన మనిషి పట్టుదల ఊరికే పోతుందా? మన రేవువాళ్ళ ముఖమేనండీ. ఇన్నాళ్ళూ ఎలా పోల్చుకోలేకపోయామో!"

హిల్ట్రూడ్ చీటీ వైపు చూసింది. అదే ఎముక, అదే దవడ.

"మీ ఇంటికి తీసుకెళ్ళండి. ఘోరమైన పొరపాటు. నేనే కాగితం రాసిస్తాను."

"మరి పదహారో ఆయన? పద్దెనిమిదో ఆయన?"

"వాళ్ళ విషయంలో పొరపాటు లేదండీ. రిజిస్టరులో సరిగ్గానే ఉంది."

"మా తాతా రిజిస్టరులో సరిగ్గానే ఉన్నాడు కదండీ" అంది హిల్ట్రూడ్.

ఆయన గడియారం చూసుకున్నారు.

ఆమె తాతను ఇంటికి తీసుకెళ్ళలేదు. ఆదివారం పొద్దున అందరికంటే ముందు వచ్చింది, తాళంచెవి ఇంకా ఆమె దగ్గరే ఉంది. ఫోల్క్‌మార్ గారు పైకి వచ్చేసరికి రంగుల ముఖాలన్నీ సొరుగుల్లో పడుకున్నాయి. బీరువాలో ఇరవై మూడు తెల్లటి మూసలున్నాయి, వరస మార్చి, గుంట వైపు బయటికి పెట్టి. నంబర్లు లేవు, ఒక్క చీటీ లేదు.

"ఏం పనండీ ఇది?" అంటూ ఆయన ఒక అడుగు వేశారు. వెలుగునీడల్లో కన్ను మోసపోయి, గుంటలోంచి ముఖాలు ఉబికి బయటికొచ్చినట్టయింది. ఆయన కదిలిన వైపే అవీ తిరిగాయి. వెనక్కి అడుగేశారు. అవీ మళ్ళీ ఆయనతోపాటే తిరిగాయి.

"చీటీలన్నీ నా జేబులో ఉన్నాయి" అంది హిల్ట్రూడ్. "వీళ్ళలో మా తాత ఎవరో చెప్పండి. చెప్పగలిగితే ఆయన్ని ఇంటికి తీసుకుపోతాను. మిగతావాళ్ళను మీ ఇష్టం వచ్చినట్టు పెట్టుకోండి."

ఆయన ఈ చివరనుంచి ఆ చివరకు నడిచారు. మళ్ళీ వెనక్కి నడిచారు. అద్దం ఇవతలనుంచి ఆ నాలుగు వెంట్రుకలు కనబడలేదు. వేలు ఎత్తారు, దించారు. కింద రోజ్విటా పది గంటలకు తలుపు తీసిన చప్పుడైంది.

మొదట వచ్చినవాళ్ళు ఆదివారపు బట్టల్లో ఉన్న ముసలి దంపతులు. గుమ్మం దాటగానే ఆవిడ మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏవండీ, వీళ్ళు మనల్నే చూస్తున్నారు!"

"ఎవరే వీళ్ళు?"

"ఏమో! చీటీ చూడండి."

ఆయన కళ్ళజోడు సర్దుకుని వంగాడు. వెతికాడు. అక్కడేమీ లేదు. తలెత్తేసరికి ఇరవై మూడు ముఖాలూ ఆయన వైపే తిరిగి ఉన్నాయి.