తుడవని పసుపు

నా చిన్నప్పుడు, గుట్ట ఎక్కితే తప్ప సెల్‌ఫోన్‌కు సిగ్నల్ అందని రోజుల్లో, లింగాల దగ్గరున్న మా చేనికి బోరు బండి వచ్చింది. అంతకుముందు వేసిన రెండు బోర్లలోనూ దుమ్మే లేచింది. ఇందులోనైనా నీళ్లు పడాలని మా అమ్మ బండికి, పనిముట్లకు పూజ చేసింది. పసుపు పూసే పని నాకిచ్చింది.

నాది ప్రతిదానికీ ఉత్సాహం ఎక్కువైన వయసు. రాడ్లను పట్టి బిగించే పెద్ద పానాకు, పిడి మీద ఒక్క బొట్టు చాలదనిపించింది. నూనెలో కలిపిన పసుపును దాని పళ్ల సందుల్లోకి కూడా వేలితో కూరాను. మంచే చేస్తున్నాననుకున్నాను.

ఆ పానా పట్టే బోరు బండాయనది కల్వకుర్తి. నేను ఆయన్ను మామా అని పిలిచాను. పని మొదలుపెట్టే ముందు పానా నోరు శుభ్రంగా తుడిచి, పళ్లు అరిగాయేమో తడిమి చూడటం ఆయన అలవాటట. ఆ రోజూ భుజం మీది తువ్వాల తీశాడు.

"పూజ చేసిన పసుపు తుడుస్తవా అన్నా? మంచిది కాదు. ఇయ్యాల్టికి ఉండనియ్యి," అన్నాడు మా నాన్న.

రైతు మనసు నొప్పించడం ఎందుకనుకున్నాడేమో, మామ తువ్వాల మళ్లీ భుజాన వేసుకున్నాడు.

మొదటి రాడ్డు దిగింది. రెండోదాన్ని బిగిస్తుంటే పానా జారింది. మామ చెయ్యి పానాకూ బండి ఇనుప చట్రానికీ మధ్య నలిగిపోయింది. డ్రైవర్ ఫోన్ పట్టుకుని గుట్ట మీదికి పరిగెత్తాడు. అమ్మ కొంగు చింపి కట్టింది, రక్తం ఆగలేదు. నాన్న తల మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు. ఏం చేయాలో మాలో ఎవరికీ తెలియలేదు. ఆ పసుపు ఎవరు కూరారో మాత్రం నాకు తెలుసు. ఆ వేళ్లను లంగాకు తుడుచుకుంటూ ఏడ్చాను.

చివరికి రాడ్లు మోసే లారీలోనే దవాఖానకు తీసుకెళ్లారు. ఎక్కించేటప్పుడు మామ నా పసుపు వేళ్లు చూశాడు.

"ఏడ్వకు బిడ్డా. బొట్టు పెట్టుడు నీ పని. తుడుసుడు నా పని. నేనే తుడువలే," అన్నాడు.

మర్నాడు ఇంకొకాయన వచ్చి బోరు పూర్తి చేశాడు. నీళ్లు పడ్డాయి. మామకు రెండు వేళ్లు తీసేశారన్న కబురూ ఆ రోజే వచ్చింది. ఆ నీళ్లను చూసి మా ఇంట్లో ఒక్కరమూ సంతోషపడలేకపోయాం.

ఇప్పుడు మా ఆయనకు మోటార్లు బాగుచేసే షెడ్డుంది. దసరాకు పానాలకు బొట్లు పెట్టేది నేనే, పూజ కాగానే గుడ్డతో వాటి నోళ్లు తుడిచేదీ నేనే. అశుభమని మా అత్తమ్మ గొణుగుతుంది. గొణగనీ. నా వేళ్లకంటిన పసుపు మాత్రం సబ్బుతో రుద్దినా రెండు రోజులు పోదు. ఆ రెండు రోజులూ అన్నం కలిపినప్పుడల్లా నాకు మామ చెయ్యే గుర్తొస్తుంది.