నిలబెట్టి నాడా కొట్టడం

నాలుగు రోజులుగా ముసురు. శనివారం పొద్దున కొల్లిపరలో ఒక రైతు దొడ్లో ఎద్దును తాడుతో పడేసి, కాళ్ళు కట్టి, గిట్టలకు ఇనుప నాడాలు కొడుతున్నాను. ఒక కాలు అయ్యేసరికి ఫోను వచ్చింది. గుండెనొప్పితో బావ పోయారని తెనాలి నుంచి మా అక్క చెప్పింది. సగం నాడాలతో ఎద్దును వదిలేయకూడదు. మిగతా కాళ్ళు పూర్తిచేసి బస్సెక్కాను.

ఈ పని నాకు నేర్పింది ఆయనే. దుగ్గిరాల పసుపు యార్డుకు ఎడ్లబళ్ళు బారులు తీరిన కాలంలో ఆయన చేతికి ఖాళీ ఉండేది కాదు. ఇప్పుడు బళ్ళు లేవు. తెనాలిలోనూ రేపల్లెలోనూ పెళ్ళి ఊరేగింపు గుర్రాలు మాత్రం పెరిగాయి. వాటికి నాడా కొట్టడం మాలో ఎవరికీ వచ్చేది కాదు.

ఎద్దుల పనిలో తల పండిన ఆ మనిషి బాపట్లలో గుర్రపు నాడాల శిక్షణకు వెళ్ళారు. గుర్రాన్ని తెచ్చి ఎదురుగా నిలబెట్టగానే, "తాడేదండీ?" అని అడిగారట.

"ఏంటి బాబాయ్, గుర్రాన్ని కూడా పడేస్తారా?" అని నేర్పే పశువుల డాక్టరమ్మ నవ్విందట.

"పడుకోబెడితేగాని నాకు చెయ్యి ఆడదమ్మా."

గుర్రం నిలబడే ఉంటుంది. దాని కాలు మన మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, నడుము వంచి పని చేయాలి. ఆ రోజు ఇంటికి వచ్చాక బావ మంచం దిగలేకపోయారు. అయినా శిక్షణ పెట్టినప్పుడల్లా మళ్ళీ వెళ్ళేవారు. "చేతికి పని రానప్పుడు నేర్చుకోవడం తేలికరా. వచ్చాక మార్చుకోవడమే చచ్చే చావు" అనేవారు.

మేకు కొట్టేముందు గిట్టకు అరచెయ్యి ఆనించి చూసేవారు. వేడిగా ఉంటే లోపల వాపు ఉన్నట్టే, ఆ రోజుకు పని లేదు. "సాయంత్రం ఊరేగింపు ఉందండి" అని రేపల్లెలో ఒక గుర్రం యజమాని గొడవపడ్డాడు.

"పెళ్ళికొడుకును నడిపించండి. ఆయన కాళ్ళు బాగానే ఉన్నాయిగా" అన్నారు బావ.

సంగం జాగర్లమూడిలో ఒకాయన, దుగ్గిరాలలో అన్నదమ్ములిద్దరు, నేను. ఆయన దగ్గర పని నేర్చిన నలుగురం. బాపట్ల రమ్మని మా వెంటపడేవారు. రోజంతా ఎద్దులతో పెనుగులాడి, మళ్ళీ పాఠాలకు వెళ్ళే ఓపిక మాకు లేదు.

"ఎద్దులు అయిపోతున్నాయిరా. వాటితోపాటు నువ్వూ అయిపోతావా?"

"ఈ వయసులో నాకెందుకు బావా?"

"నాకంటే చిన్నోడివేగా, ఏడుపుగొట్టు మొహమా!"

చివరికి మా నలుగురి పేర్లూ ఆయనే ఇచ్చి వచ్చారు. ఈసారి కూడా తను తప్ప ఎవరూ రాకపోతే ఇక మనవైపు వాళ్ళను పిలవరని చెప్పారు. ఆ శిక్షణ ఈ సోమవారమే మొదలు.

ఆదివారం సాయంత్రం సమాధుల దొడ్డిలో ఆయన్ను వానలోనే పూడ్చాం. "ఆయనే లేరు, ఇంకెందుకు? ఆటో కొనుక్కుంటున్నాం" అని దుగ్గిరాల అన్నదమ్ముల్లో పెద్దవాడు అన్నాడు. ఇంటికొచ్చాక అక్క నన్ను పక్కకు పిలిచింది.

"రేపు బాపట్ల వెళ్ళు."

"ఇంటినిండా చుట్టాలున్నారక్కా."

"చుట్టాలకి నాడాలు కొడతావా ఏంటి? వెళ్ళు."

సోమవారం ఉదయం ఆరున్నరకు తెనాలి నుంచి బాపట్ల బస్సులో నేనూ, జాగర్లమూడి ఆయనా వెళ్ళాం. దుగ్గిరాల అన్నదమ్ములు రాలేదు.