మిల్క్‌కి చుట్టాలున్నారు, మరి పాలకి?

అమెరికాలో మేముండే మోరిస్‌విల్ లైబ్రరీలో పెద్దవాళ్ళకి ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే క్లాసులో కోడలు నన్ను చేర్పించింది. ఇన్నాళ్ళూ వెళ్ళి కూర్చుని వస్తున్నానే గాని నోరు విప్పలేదు. నా వంతు రాగానే దగ్గొచ్చేది.

ఈ రోజు టీచరు ఎమిలీ బోర్డు మీద మిల్క్ అని రాసింది. జర్మనీ నుంచి వచ్చిన ఉర్సులా గారు "మాకు మిల్ష్" అన్నారు. స్వీడన్ ఆయన "మ్యోల్క్" అన్నాడు. డచ్చివాళ్ళకి మెల్క్ అట. అన్నీ ఒకే పాత మాట నుంచి వచ్చాయని ఎమిలీ చెప్పింది. అన్నదమ్ములు వేరుపడ్డట్టన్నమాట, అనుకున్నాను.

"మిస్టర్ రావ్, మీ భాషలో?"

దగ్గు రాలేదు. "పాలు" అన్నాను.

"ఎనీ కజిన్స్?"

పాలకి ఇక్కడ చుట్టాలెవరుంటారని తల దించుకున్నాను. రోజూ నా పక్కన కూర్చుని ఊరికే నవ్వే మైసూరు శాంతమ్మ గారు మెల్లగా "ఇన్ అవర్ కన్నడ, హాలు" అన్నారు.

"కజిన్స్!" అని ఉర్సులా గారు చప్పట్లు కొట్టారు.

ఇక చూసుకోండి. నేను పులి అంటే శాంతమ్మ గారు హులి, పువ్వు అంటే హూవు, పండు అంటే హణ్ణు. "ఇంగ్లీష్ ప్లీజ్, ఇంగ్లీష్!" అని ఎమిలీ బల్ల తట్టేదాకా ఆగలేదు.

మా ఊరి బడిలో మాట్లాడనందుకు తిట్లు తిన్నాను. మాట్లాడినందుకు తినడం ఇదే మొదలు. మంగళవారం మళ్ళీ క్లాసుంది. శాంతమ్మ గారిని అడగడానికి 'ప'తో మొదలయ్యే మాటలు తోస్తే కింద రాయండి.